క్లిప్పులా, అలైనర్లా? ముందు పళ్లు ఎలా కలుస్తున్నాయో చూడండి

నేను మామూలు పళ్ల డాక్టర్ని. పుచ్చిన పళ్లకు సిమెంటు పెడతాను, రూట్ కెనాల్ చేస్తాను, చిగుళ్లు శుభ్రం చేస్తాను. క్లిప్పులు మాత్రం వేయను. అది బీడీఎస్ తర్వాత మరో 3 ఏళ్లు అదే చదివి ఎండీఎస్ చేసిన ఆర్థోడాంటిస్టుల పని. "డాక్టరుగారూ, మా పాపకి క్లిప్పులు వేయించమంటారా, ఆ కనపడని ట్రేలు, అవే అలైనర్లా?" అని ఎవరైనా అడిగితే, ఏది చెప్పినా నాకు వచ్చేదీ పోయేదీ లేదు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పగలుగుతాను. చెప్పేముందు పాపను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక పళ్లు కరిచిపెట్టమని, పెదాలు పక్కకు లాగి చూస్తాను. ఏ పరికరం కావాలో అక్కడ కనపడినదాన్ని బట్టి, పాప వయసును బట్టి తేలుతుంది. ఖర్చు, అందం, పైకి కనపడుతుందా లేదా అన్నవి ఆ తర్వాతి మాటలు. చాలామంది ఈ వరసను తిరగేసి మొదలుపెడతారు. డబ్బూ, రెండేళ్ల కాలమూ అక్కడే వృథా అవుతున్నాయి.

ఇంట్లో మీరే చూసుకోవచ్చు. మూత డబ్బా అంచుకు బయటగా కూర్చుంటుంది కదా, పై వరస కింది వరస మీద చుట్టూ అలా కూర్చోవాలి. ముందరి పై పళ్లు కింది పళ్లకంటే 2–3 మి.మీ. ముందుకు ఉండి, వాటిని మూడో వంతు మేర కప్పాలి. దీన్నే మేం బైట్ అంటాం. ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా డాక్టరు 1899లో, ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడపళ్లు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చున్నాయన్నదాన్ని బట్టి దీన్ని మూడు తరగతులు చేశాడు. ఈనాటికీ రిపోర్టుల్లో రాసేది ఆ లెక్కే. క్లాస్ వన్ అంటే దవడపళ్లు సరిగానే కలుస్తున్నాయి, ఇబ్బంది ముందరి పళ్ల ఇరుకులోనో సందుల్లోనో ఉంది. క్లాస్ టూ అంటే కింది వరస వెనక్కి ఉంది. మనం ఎత్తుపళ్లు అనేవాటిలో చాలా భాగం ఇవే. క్లాస్ త్రీ అంటే కింది వరస ముందుకు వచ్చింది. మీ రిపోర్టులో ఏ తరగతి రాశారో తెలియకుండా పరికరం ఎంచుకోకండి.

సరిగా కలవని పళ్లతో నిజంగా ఏమవుతుంది

ఎత్తుపళ్లకు మొదటి ప్రమాదం దెబ్బ. ముందరి పళ్లు 3 మి.మీ. కంటే ఎక్కువ ముందుకు వచ్చిన పిల్లలు పడినప్పుడు ఆ పళ్లకు దెబ్బ తగిలే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు రెట్టింపు. వేసవి సెలవుల్లో సైకిలు నేర్చుకుంటూ పడి, విరిగిన పన్ను ముక్క చేత్తో పట్టుకొచ్చే పిల్లల్లో పెదాలు మూతపడనివాళ్లు ఎందరో.

పై పళ్లు కింది పళ్లను పూర్తిగా కప్పేస్తే (దీన్నే లోతైన బైట్ అంటాం) కింది పళ్లు అంగిట్లో గుచ్చుకుంటాయి, చిగురు దెబ్బతింటుంది, పళ్లు అరిగి పొట్టిగా అవుతాయి. ముందు పళ్లు అసలు కలవకపోతే, అంటే బైట్ ముందు తెరుచుకుని ఉంటే, జామకాయ కొరకలేరు, 'స', 'శ' పలకడం కష్టమవుతుంది. పై పన్ను ఒక్కటే కింది పన్నుకు లోపల ఇరుక్కుంటే, నమిలిన ప్రతిసారీ ఆ కింది పన్ను బయటికి నెట్టబడుతుంది. దాని చిగురు కిందికి జారిపోయి, తొమ్మిదేళ్ల పిల్లాడికి వేరు కనపడటం చూశాను. వాడికి కావలసింది కొన్ని నెలల పాటు చిన్న ప్లేటు మాత్రమే. "అన్ని పళ్లూ వచ్చాక చూద్దాం" అని రెండేళ్లు ఆగారు.

ఇరుకు పళ్ల సంగతి వేరు. బ్రష్ అందని మూలలు ఎక్కువ కాబట్టి శుభ్రం చేసుకోవడం కష్టమన్నది నిజం. అంతమాత్రాన ఇరుకు పళ్లవాళ్లందరికీ పళ్లు పుచ్చవు. పుచ్చడానికి మూలం తరచూ తినే తీపి, నిర్లక్ష్యంగా చేసే బ్రషింగ్. ఓపిగ్గా తోముకునేవాళ్ల వంకర పళ్లు ముప్పై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉండటం నాకు తెలుసు.

దవడ నొప్పి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. "చెవి ముందు టక్‌మంటోంది, నొప్పి, బైట్ సరిచేయిస్తే పోతుందన్నారు" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. దవడ కీలు నొప్పికి పళ్లు కలిసే తీరే కారణమని చెప్పడానికి ఆధారాలు బలహీనం. పళ్లు బిగబట్టే అలవాటు, నిద్రలో నూరుకోవడం, మానసిక ఒత్తిడి, నిద్రలేమి, కీలుకు తగిలిన దెబ్బ ఇవన్నీ కలిసి ఉంటాయి. క్లిప్పులు దవడ నొప్పి తెప్పించవు, తగ్గిస్తాయని హామీ ఇచ్చేదీ లేదు. నొప్పి లేకుండా ఒట్టి చప్పుడే అయితే వైద్యమే అక్కర్లేదు. నొప్పి ఉంటే మెత్తటి తిండి, వేడి కాపడం, దవడ వ్యాయామాలు, అవసరమైతే రాత్రి పళ్లకు తొడుక్కునే స్ప్లింట్ అనే ప్లేటు, అంటే వెనక్కి తీసుకోగలిగే వైద్యం ముందు చేయించుకోవాలి. నొప్పి కోసం ఆరోగ్యంగా ఉన్న పళ్లను అరగదీస్తామంటే ఒప్పుకోకండి. అరగదీసిన ఎనామిల్ మళ్లీ రాదు.

వదిలేయడం కూడా ఒక ఎంపికే

ఏడెనిమిదేళ్ల పిల్లలకు పై ముందరి పళ్ల మధ్య సందు ఉండి, పళ్లు విసనకర్రలా విచ్చుకున్నట్టు ఉంటే కంగారు పడకండి. 11–12 ఏళ్లకు కోరపళ్లు దిగేటప్పుడు ఆ సందు చాలామందికి తనంతట తానే మూసుకుంటుంది. జ్ఞానదంతాలు తోసి ముందు పళ్లు వంకరవుతాయన్న మాటకూ గట్టి ఆధారం లేదు, కేవలం ఆ భయంతో వాటిని తీయించక్కర్లేదు. పెద్దవాళ్లలో కొద్దిపాటి వంకర ఉండి, తినడానికీ తోముకోవడానికీ ఇబ్బంది లేకపోతే, దాన్ని అలాగే ఉంచుకోవడం తప్పేం కాదు. అద్దంలో చూసుకుని బాధపడుతుంటే అదీ వైద్యానికి తగిన కారణమే. అయితే ఆరోగ్యం పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టనివ్వకండి.

వదిలేయకూడనివి ఇవి: వెనక పై పళ్లు అడ్డంగా తిరగబడి, అంటే కింది పళ్లకు లోపలగా కలవడం, ముందరి ఒక్క పన్ను లోపల ఇరుక్కోవడం, కింది పళ్లు అంగిట్లో గుచ్చుకోవడం, పెదాలు మూతపడనంత ఎత్తుపళ్లు, పదేళ్లు దాటినా పై కోరపళ్ల ఉబ్బు చిగురు మీద చేతికి తగలకపోవడం.

పెరిగే వయసులో పని సులువు

అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 7 ఏళ్లకల్లా ఒకసారి చూపించమంటుంది. చూపించమంటే వైద్యం మొదలుపెట్టమని కాదు. ఆ వయసులో చేస్తేనే సులువైన పనులు కొన్ని ఉన్నాయి.

పై దవడ సన్నగా ఉండి వెనక పళ్లు తిరగబడి కలిస్తే, పిల్లలు నమలడానికి కింది దవడను ఒక పక్కకు జరుపుకుంటారు. ఏళ్ల తరబడి అలా జరిపితే దవడ ఒక పక్కకే పెరిగే ప్రమాదముంది. దీనికి ఎక్స్‌పాండర్ పెడతారు. అంగిలి మధ్యలో రెండు ఎముకలు కలిసే అతుకు ఉంటుంది, చిన్న వయసులో అది ఇంకా గట్టిపడదు. పరికరం మధ్యలోని స్క్రూను అమ్మో నాన్నో తాళంచెవి లాంటి కమ్మీతో రోజూ కొంచెం తిప్పుతారు, ఒక్కో తిప్పుకు పావు మి.మీ. మేర తెరుచుకుంటుంది. పది రోజులు గడిచేసరికి ముందరి రెండు పళ్ల మధ్య పెద్ద సందు పడుతుంది, ఇంట్లో అందరూ హడలిపోతారు. ఎముక విడివడుతోందనడానికి గుర్తు అదే. తర్వాత ఆ సందు మూసుకుపోతుంది. పదిహేను పదహారేళ్లు దాటాక ఇదే పనికి ఎముకలో మినీ స్క్రూలో, ఆపరేషనో కావలసి రావచ్చు. మొత్తం బైట్ సమస్యల్లో ఆలస్యానికి ఎక్కువ మూల్యం చెల్లించేది దీనికే అని నా అభిప్రాయం.

కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు ట్విన్ బ్లాక్ ఉంది. 1977లో స్కాట్లండ్‌లో విలియం క్లార్క్ రూపొందించిన, కింది దవడను ముందుకు పట్టి ఉంచే ఈ ప్లేట్ల జతను పిల్లలు బాగా ఎత్తు పెరిగే 10–13 ఏళ్ల మధ్య పెడతారు. తినేటప్పుడు కూడా పెట్టుకోవాలి. మొదటి వారం మాట ముద్దగా వస్తుంది, లాలాజలం కారుతుంది, ఆ వారం గట్టెక్కితే చాలు. ఇక్కడ ఒక నిజం చెప్పాలి: వచ్చే మార్పులో ఎక్కువ భాగం పళ్లు కదలడం వల్లే, దవడ అదనంగా పెరిగేది కొద్దిగానే. ఎనిమిదేళ్లకే మొదలుపెట్టి రెండు విడతలు చేసినా, పన్నెండేళ్లకు ఒకే విడతలో చేసినా చివరి ఫలితం దాదాపు ఒకటే. ముందుగా చేస్తే పళ్లకు దెబ్బ తగిలే ప్రమాదం తగ్గుతుంది, అంతే తేడా. అల్లరి పిల్లాడైతే ముందే చేయించండి, లేదంటే ఆగినా నష్టం లేదు.

కింది దవడ ముందుకు వచ్చిన పిల్లలకు ఆగడం పనికిరాదు. పై దవడను ముందుకు లాగే ఫేస్ మాస్క్ పదేళ్లలోపే బాగా పనిచేస్తుంది. వేలు చప్పరించే అలవాటు మాత్రం శాశ్వత ముందరి పళ్లు రాకముందే మాన్పిస్తే, ముందు తెరుచుకున్న బైట్ చాలామందిలో తనే సర్దుకుంటుంది. వేపనూనె రాసి, తిట్టి మాన్పించడం కంటే, మానిన రోజున క్యాలెండర్ మీద స్టిక్కరు అంటించడం బాగా పనిచేయడం చూశాను.

అన్ని పళ్లూ వచ్చాక: క్లిప్పులు, అలైనర్లు

రెండూ చేసేది ఒకటే పని. పన్ను మీద మెల్లగా ఒత్తిడి పెడితే ఒకవైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్త ఎముక పేరుకుంటుంది, పన్ను నెలకు సుమారు 1 మి.మీ. జరుగుతుంది. ఎంత ఖరీదైన పరికరమైనా ఈ వేగాన్ని మించి పెద్దగా పరిగెత్తించలేదు. "ఆరు నెలల్లో అన్నీ సరిచేస్తాం" అన్న బోర్డు కనపడితే, ఏమేం సరిచేయకుండా వదిలేస్తారని అడగండి.

స్టీలు క్లిప్పులు చూడటానికి పాతవి. కష్టమైన కేసుల్లో ఇప్పటికీ నేను వాటినే చెబుతాను. బాగా తిరిగిపోయిన కోరపన్ను, చిగురులో ఇరుక్కున్న పన్ను, పన్ను తీసిన ఖాళీని మూయడం, లోతైన బైట్, రబ్బరు బ్యాండ్లతో రెండు వరసలను సర్దడం లాంటి పనులు తీగ మీదే బాగా కుదురుతాయి. పైగా అవి నోట్లోంచి బయటికి రావు, పిల్లాడి మాట మీద ఆధారపడవు. మామూలుగా 18–24 నెలలు పడుతుంది. ఇబ్బంది శుభ్రతతో. పన్నుకు అతికించే చిన్న ముక్కల (బ్రాకెట్ల) చుట్టూ పాచి నిలిస్తే నెలల్లోనే తెల్లమచ్చలు పడతాయి, క్లిప్పులు తీశాక అవి అలాగే మిగులుతాయి. సందుల్లో దూరే చిన్న బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి. చేగోడీలు, వేరుశనగ చిక్కీ, చెరుకు, బొమికలు కొరకడం ఆ రెండేళ్లూ మానాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగి పళ్లమీద గోధుమరంగు మచ్చలు బాగా ఉన్నవాళ్లకు బ్రాకెట్ జిగురు సరిగా పట్టక తరచూ ఊడవచ్చు. ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

సిరామిక్ క్లిప్పులు పంటి రంగులో ఉంటాయి, ధర ఎక్కువ, పెళుసు. వాటి చుట్టూ వేసే తెల్ల రబ్బరు రింగులకు మన పసుపు రెండు పూటల పులుసుతోనే పట్టేస్తుంది, తర్వాతి సిట్టింగు దాకా పచ్చగానే ఉంటాయి. లోతైన బైట్ ఉన్నవాళ్లకు కింది పళ్లమీద సిరామిక్ పెడితే ఎదురుగా ఉన్న పై పళ్ల ఎనామిల్ అరుగుతుంది. రింగులు అక్కర్లేని సెల్ఫ్ లైగేటింగ్ క్లిప్పులు త్వరగా పని ముగిస్తాయని చెబుతారు, పరిశోధనల్లో ఆ తేడా తేలలేదు. పళ్ల లోపలివైపు అతికించేవి ఎవరికీ కనపడవు, నాలుక గీరుకుంటుంది, ఖర్చు బాగా ఎక్కువ. బొత్తిగా కనపడకూడని ఉద్యోగమైతే తప్ప వాటి జోలికి వెళ్లమని చెప్పను.

అలైనర్లు 1990ల చివర్లో అమెరికాలో మొదలయ్యాయి. పారదర్శకమైన ట్రేల వరస, ఒక్కోటి వారం, రెండు వారాలకు మార్చాలి. కొద్దిపాటి ఇరుకు, సందులు, చిన్నప్పుడు క్లిప్పులు వేయించుకుని మళ్లీ వంకరపోయిన పళ్లు, ముందు కొంచెం తెరుచుకున్న బైట్, ఇలాంటివాటికి ఇవి చక్కగా పనిచేస్తాయి. తీసి తోముకోవచ్చు కాబట్టి చిగుళ్లు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు మేలు. ధర మాత్రం సాధారణంగా స్టీలు క్లిప్పులకు రెండు మూడు రెట్లు. గుండ్రంగా ఉండే కోరపళ్లను తిప్పడం, పన్నును కిందికి లాగడం, తీసిన పన్ను ఖాళీని వేరుతో సహా నిటారుగా మూయడం వీటికి కష్టం. దానికోసం పళ్లమీద చిన్న గుబ్బలు అతికిస్తారు, కాబట్టి పూర్తిగా కనపడవన్న మాట కూడా సరికాదు.

వీటిని రోజుకు 20–22 గంటలు పెట్టుకోవాలి. మంచినీళ్లు తప్ప ఏది నోట్లో వేసుకోవాలన్నా తీయాలి, తర్వాత నోరు పుక్కిలించి మళ్లీ పెట్టుకోవాలి. ఆఫీసులో గంటకో టీ, నాలుగింటికి మిర్చిబజ్జీ, పొద్దుపోయాక వక్కపొడి, ఇలా నడిచే జీవితమైతే లెక్క పదిహేను గంటలకు పడిపోతుంది, ట్రేలు సరిగా కూర్చోవు. అలైనర్లు పెట్టించుకోవాలనుకునేవాళ్లకు ఒక వారం పాటు రోజుకు ఎన్నిసార్లు ఏం నోట్లో వేసుకుంటున్నారో కాగితం మీద రాయమంటాను. ఆ కాగితమే జవాబు చెప్పేస్తుంది. పిల్లలకైతే, లంచ్‌బాక్సు ఇంటికి మరిచిపోకుండా తెచ్చే పిల్లలకు పరవాలేదు, మిగతావాళ్లకు క్లిప్పులే నయం.

డాక్టరు కళ్లారా చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా, నోరు స్కాన్ చేసి ట్రేలు ఇంటికి పంపే పద్ధతికి దూరంగా ఉండండి. చిగుళ్ల జబ్బుతో ఎముక తగ్గిన పన్నును కదిపితే అది ఊడే స్థితికి వస్తుంది, స్కాన్‌లో ఎముక కనపడదు. అమెరికాలో ఇలా పోస్టులో అలైనర్లు పంపిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది, వైద్యం మధ్యలో ఉన్నవాళ్లు దిక్కుతోచక మిగిలారు. ఇక యూట్యూబ్ చూసి ముందు పళ్లకు రబ్బరు బ్యాండు చుట్టుకోవడం మరీ ప్రమాదం. అది చిగురు కిందికి జారి వేరుదాకా పాకుతుంది, రెండు మంచి పళ్లూ పోతాయి.

పళ్లు తీయాలన్నప్పుడు, ఆపరేషన్ అన్నప్పుడు, పెళ్లి దగ్గరపడ్డప్పుడు

"నాలుగు పళ్లు తీయాలి" అనగానే సగం మంది మళ్లీ రారు. పై పన్ను తీస్తే చూపు తగ్గుతుందని పెద్దవాళ్లు అంటారు. కంటి నరానికీ పంటి నరానికీ సంబంధం లేదు, చూపు తగ్గదు. రెండు వరసలూ ముందుకు పొడుచుకొచ్చిన ముఖాలు మనవాళ్లలో ఎక్కువే. అలాంటప్పుడు కోరపళ్ల వెనక ఉండే చిన్న దవడపళ్లు తీస్తేనే ముందరి పళ్లు లోపలికి వెళ్లడానికి చోటు దొరుకుతుంది. తీయకుండా బలవంతంగా సర్దితే పెదాలు ఇంకా ముందుకు వస్తాయి. అయినా పన్ను తీయమన్నప్పుడు రెండో అభిప్రాయం అడగడం మీ హక్కు.

దవడ ఎముకే బాగా ముందుకో వెనక్కో ఉంటే, ఎదుగుదల ఆగాక ఏ క్లిప్పూ ఎముకను జరపలేదు. పళ్లను వంచి కొంత కప్పిపుచ్చవచ్చు, లేదా ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు, మత్తిచ్చి నోటి లోపలినుంచే కోత, టైటానియం ప్లేట్లు, కొన్ని వారాలు జావలూ రసాలూ. కింది పెదవి తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు, కొందరికి పూర్తిగా పోదు. నమలలేక ఇబ్బందిపడేవాళ్లకు ఇది జీవితాన్ని మార్చే వైద్యం. ఫొటోల కోసమైతే బాగా ఆలోచించుకోండి.

పెళ్లికి మూడు నెలలుందని వచ్చే అమ్మాయిలతో మాట్లాడటం నాకు అన్నిటికంటే కష్టం. వంకర పళ్లను అరగదీసి వెనీర్లో (పంటి ముందువైపు అతికించే పలచటి పెంకులు) క్యాపులో వేస్తే పది రోజుల్లో వరస చక్కగా కనపడుతుంది. కానీ బైట్ అలాగే ఉంటుంది, మంచి ఎనామిల్ పోతుంది, కొన్ని పళ్లకు రూట్ కెనాల్ తప్పదు, వేసినవి జీవితాంతం ఉండవు. పాతికేళ్ల పిల్లకు ఆ పని చేయడానికి నాకు చేతులు రావు. క్లిప్పులతోనే పెళ్లి చేసుకోవచ్చు. తీగను ఆ వారానికి తీయించుకోవచ్చు కూడా.

ఎక్కడ, ఎప్పుడు

ఎనిమిదో తరగతి వేసవిలో మొదలుపెడితే పదో తరగతి అయ్యేసరికి ముగుస్తుంది. ఇంటర్ హాస్టల్లో చేరాక నెలకోసారి బయటికి పంపరు, వైద్యం మధ్యలో ఆగుతుంది. ఎమ్మెస్‌కు వెళ్లే ఏడాది కూడా మొదలుపెట్టకండి. అక్కడి డాక్టరు సగంలో తీసుకోవడం కష్టం, తీసుకున్నా మొత్తం ఖర్చు మళ్లీ మొదలవుతుంది. ఇప్పటికే మధ్యలో ఉంటే ఎక్స్‌రేలు, ఫొటోలు, అచ్చులు, ప్లాను కాగితం వెంట తీసుకెళ్లండి.

డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఎండీఎస్ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, సమయం ఎక్కువ పడుతుంది, పని జాగ్రత్తగా జరుగుతుంది. ఎక్కడికి వెళ్లినా డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు అడగండి: ఇది చేసేది ఎండీఎస్ చదివిన ఆర్థోడాంటిస్టేనా, వారంలో ఏ రోజు వస్తారు? నా బైట్‌లో ఉన్న లోపం ఏమిటి, ఎక్స్‌రేలో చూపించండి? ఏమీ చేయకపోతే పదేళ్లలో ఏమవుతుంది? పళ్లు కదలకుండా తర్వాత పెట్టుకునే రిటైనర్ ఈ ఖర్చులోనే ఉందా?

ఆ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. క్లిప్పులైనా అలైనర్లైనా, పని ముగిశాక పన్నును పట్టి ఉంచే నార పోగులు దాన్ని పాత చోటికి లాగుతూనే ఉంటాయి. మొదట్లో రోజంతా, తర్వాత రాత్రిపూట ఏళ్ల తరబడి రిటైనర్ పెట్టుకోవాలి. పెళ్లి భోజనాల్లో దాన్ని కాగితంలో చుట్టి పక్కన పెడితే విస్తరితో పాటు పోతుంది, కాబట్టి దాని డబ్బా జేబులో ఉండాలి. పోతే అదే వారం కొత్తది చేయించుకోండి. నెల గడిచాక వస్తే, పాత అచ్చుతో చేసిన రిటైనర్ ఆ పళ్లకు పట్టకపోవచ్చు.